వద్దన్నవాళ్ళకి మొదటి టీ

ఆ శనివారం పొద్దున్నే మంచు ఎంత దట్టంగా పట్టిందంటే, గుడివాడలో మా గేటు ముందు నిలబెట్టిన కారు మా మెట్ల మీది నుంచి కనిపించలేదు. నేను మంచుని తిట్టుకుంటూ కారు అద్దం తుడుస్తున్నాను. మా అమ్మ వెనకసీట్లో పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటోంది. అమ్మ ప్రార్థన మనసులో చేసుకునే రకం కాదు, పక్కవాళ్ళకి వినపడాల్సిందే.

"తండ్రీ, ఈ మంచు ఇట్టాగే ఉంచు. వీలైతే కాస్త వాన కూడా పంపించు."

"అమ్మా! నేను ఎండ రావాలని చేసుకున్నానే ప్రార్థన!"

"చేసుకో. ఎవరి అర్జీ వాళ్ళది. ఎవరి మాట వినాలో ఆయనకి తెలీదా?"

మా ఆయన గుమ్మంలోకి కూడా రాలేదు. "మీ తల్లీకూతుళ్ళ మధ్యకి నేను రాను బాబోయ్" అని దుప్పటి ముసుగేసుకుని పడుకున్నాడు. తెలివైనవాడు.

అసలు సంగతి ఇదీ. నాకు నలభై దాటాక గాల్లో ఎగరాలన్న పిచ్చి పట్టింది. బ్యాంకులో కౌంటరు వెనక కూర్చుని, అద్దంలోంచి అందరికీ సమాధానాలు చెప్పీ చెప్పీ నా గొంతు నాకే విసుగనిపించే రోజుల్లో, మా బ్రాంచికి వచ్చే ఒకాయన బందరు దాటాక సముద్రం వైపు ఉన్న పర్రలో కొంతమంది పారాగ్లైడర్లు ఎగరేస్తున్నారని చెప్పాడు. పర్ర అంటే ఉప్పు తేలిన బీడు, గడ్డి కూడా సరిగా మొలవదు. పారాగ్లైడర్ అంటే ఇంజనూ గింజనూ ఉండదు. గుడ్డతో కుట్టిన పెద్ద రెక్క, దానికి వేలాడే తాళ్ళు, ఆ తాళ్ళ కింద మనం. కొండలుంటే కొండ మీంచి దూకుతారు. మా కృష్ణా డెల్టాలో చీమల పుట్టకంటే ఎత్తయింది ఎక్కడుంది? అందుకని దూరంగా వించ్ అనే యంత్రం పెట్టి, పొడుగాటి తాడుతో మనిషిని గాలిపటంలాగా పైకి లాగుతారు. పైకెళ్ళాక తాడు వదిలేసుకుంటే ఇక మనమూ, గాలీ. మొదటిసారి తాడు వదిలిన క్షణాన ఆ నిశ్శబ్దంలో నేను గట్టిగా ఏడ్చాను. ఎందుకని అడిగితే ఇప్పటికీ చెప్పలేను. ఆ తర్వాత ఏడాదిపాటు వీలైన ప్రతి శనివారం వెళ్ళాను, అమ్మకి చెప్పకుండా.

మోపిదేవి అనగానే అందరికీ సుబ్రహ్మణ్యస్వామి గుడి గుర్తొస్తుంది. మా అమ్మ ఉండేది ఆ ఊళ్ళోనే, చర్చి వెనక సందులో. ఎవరో మా చుట్టాలమ్మాయి నా వీడియో ఫోన్లో చూపించి, "పెద్దమ్మా, అక్క చూడు ఎంత పైనుందో" అందట. అమ్మ ఆ మధ్యాహ్నమే బస్సెక్కి గుడివాడ వచ్చేసింది. చెప్పులు కూడా విప్పకుండా హాల్లో నిలబడి అడిగింది.

"ఏమే, నీకు బుద్ధుందా? ఎదిగిన కొడుకుని పెట్టుకుని ఈ గంతులేంటి? మనింట్లో పోవడానికి మీ నాన్న ఒక్కడు చాలడా?"

మా నాన్న స్కూలు మాస్టారు. నాగాయలంక అవతల ఏటి పాయ దాటి ఒక లంకలో ఆయన బడి. నేను ఏడో తరగతిలో ఉండగా, గాలి రేగిన ఒక పొద్దున ఆయన ఎక్కిన పడవ బోల్తా పడింది. మిగతావాళ్ళు ఎలాగో బయటపడ్డారు. నాన్న ఒక్కడే బయటపడలేదు. నాకు తెలిసింది అంతవరకే. అమ్మ ఇంకేం చెప్పలేదు, నేను అడగలేదు.

ఆ రోజు నాకూ ఒళ్ళు మండింది. అమ్మ నోరు నాకు రాకుండా ఉంటుందా? ఇద్దరం పొద్దుపోయేదాకా పోట్లాడుకున్నాం. చివరికి నేనే అన్నాను.

"ఒక్కసారి నువ్వే వచ్చి నీ కళ్ళతో చూడు. నేను ఎగరడం, దిగడం అన్నీ చూడు. చూశాక కూడా మానెయ్యమంటే మానేస్తాను."

"ప్రమాణం చెయ్యి."

"ప్రమాణాలు చెయ్యకూడదని సండే స్కూల్లో నువ్వే నేర్పావుగా!"

"అయితే మాటివ్వు."

ఇచ్చాను. మా అమ్మకి ఇచ్చిన మాట తప్పడం నా వల్ల కాదని నాకూ తెలుసు, ఆవిడకీ తెలుసు. ఆవిడ వద్దంటే ఆ నిశ్శబ్దం ఇక నాకు ఉండదు. ఆదివారమైతే చర్చి మానుకుని రాదు కాబట్టి శనివారం ఖాయం చేసుకున్నాం.

గుడ్లవల్లేరు, పెడన మీదుగా మంచులో పాకుతున్నట్టే వెళ్ళాం. రోడ్డుకి రెండు వైపులా మినుము చేలు పచ్చగా, తడిగా కనిపించీ కనిపించకుండా ఉన్నాయి. వాటిని చూస్తే నాకు నవ్వొచ్చింది. ఎగిరేవాళ్ళంతా కలిసి క్లబ్బు పెట్టిన కొత్తలో మావాళ్ళు ఇంత దూరం ఎందుకని పామర్రు దగ్గర కోతలైన పొలమొకటి చూసి, ఖాళీగానే ఉందిగా అని రెక్క పరిచేశారట. వరి కోయకముందే అందులో మినుములు చల్లేస్తారని డెల్టాలో పుట్టినవాడికి ఎవడికి తెలీదు? అయినా గాలి మీద పెట్టిన కళ్ళు నేల మీద పెట్టలేదు. మొలక మీద బూట్లేసుకుని తిరుగుతున్న వీళ్ళని చూసి రైతు కర్ర పట్టుకుని వెంటపడ్డాడు. "ఎగరండ్రా, ఎగరండి, ఇప్పుడెగరండి!" అంటూ గట్టు దాకా తరిమాడట. అప్పట్నించీ పర్రే మాకు గతి.

ఈ కథ చెబితే అమ్మ పడీపడీ నవ్వింది. నవ్వాక, "ఆ రైతు మంచోడు" అంది.

పర్ర చేరేసరికి మంచు విడిచింది గానీ, దాని వెనకాలే మబ్బు కమ్మింది. తూర్పు నుంచి గాలి విసురుగా, ఆగి ఆగి కొడుతోంది. బంగాళాఖాతంలో ఏదో అల్పపీడనమట. గాలి ఎటుందో చూడ్డానికి కర్రకి కట్టిన గాలిసంచి ఒకసారి ఉబ్బి అడ్డంగా లేస్తుంది, మరుక్షణం చచ్చినట్టు వేలాడుతుంది. ఇలాంటి గాలికి ఎవరూ రెక్క విప్పరు. నిండు గాలి మంచిదే, నిలకడ లేని గాలే పనికిరాదు.

మా క్లబ్బు పెద్దాయన ఎదురొచ్చాడు. మిలిటరీలో పనిచేసి రిటైరై వచ్చి, అక్కడ నేర్చిన ఈ విద్య ఇక్కడ మాకు నేర్పిస్తున్నాడు. క్లబ్బులో ఆడా మగా అందరికీ ఆయన బావగారే. ఎందుకు బావగారో ఎవరికీ తెలీదు.

"నమస్కారమండీ అత్తయ్యగారూ" అన్నాడు, నెరిసిన మీసం నిమురుకుంటూ.

అమ్మ ఆయన్ని కిందనించి పైకి చూసింది. "అత్తయ్యగారేంటి? ఇంత ముసలి అల్లుడు నాకెక్కడివాడు?"

"మీ అమ్మాయి నన్ను బావగారంటుంది కదండీ. వరస తప్పితే ఊరుకుంటారా మనవాళ్ళు?"

అమ్మ మొహం పక్కకి తిప్పుకుంది, నవ్వు కనపడకుండా. నాకు కొంచెం ప్రాణం లేచొచ్చింది.

ఆ రోజు మరో అతిథి కూడా ఉన్నాడు. పామిడిముక్కల వైపు రైస్ మిల్లు ఆయన. మా వించ్ తాడు పాతబడిందంటే కొత్తది కొనిస్తానని మాటిచ్చి, ఎగరడం ఎలా ఉంటుందో చూద్దామని ఇంటిల్లిపాదినీ వేసుకుని రెండు కార్లలో దిగాడు. మనిషి మంచివాడే. కాకపోతే పావుగంటకోసారి ఆకాశం వైపు చూసి, "ఏవండీ, ఇంకా మొదలెట్టరా?" అంటాడు. కూర్చోడానికి నీడ లేదు, పడుకోడానికి గడ్డి లేదు, చూడ్డానికి గాలిసంచి తప్ప ఏమీ లేదు. జనం పులిహోర మీద పడ్డారు. అమ్మ వడ్డిస్తూ, నా వైపు చూసి కళ్ళెగరేస్తోంది, ఎవరి ప్రార్థన నెగ్గిందో చూడమన్నట్టు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ అల్పపీడనాన్ని, ఆ మబ్బుని, ఆ పూట నన్ను ఊరించిన వాతావరణం వార్తల్ని నోటికొచ్చినట్టు తిట్టాను.

మధ్యాహ్నం అయ్యేసరికి గాలి ఉన్నట్టుండి తగ్గింది. మబ్బు పలచబడి తెల్లటి వెలుగు పడింది. గాలిసంచి మెల్లగా ఒకే వైపు తిరిగి నిలబడింది. రైస్ మిల్లు వాళ్ళ పిల్లలు చప్పట్లు కొట్టారు. బావగారు చాలాసేపు తూర్పుకి చూశాడు, నేల మీది దుమ్ము చిటికెడు తీసి వదిలాడు.

"నాకైతే అభ్యంతరం లేదు. ముందు వరస నీదే. నీ ఇష్టం అమ్మా" అన్నాడు.

నేను ఆలోచించనే లేదు. హెల్మెట్ పెట్టుకున్నాను, నడుముకీ తొడలకీ పట్టీలు బిగించుకున్నాను. నలుగురు కలిసి నా వెనక రెక్క పరిచారు. తాడు తగిలించారు. దూరంగా వించ్ దగ్గరున్నతను చెయ్యెత్తాడు. అమ్మ పులిహోర గరిటె పట్టుకునే లేచి నిలబడింది. మామూలుగా నాకు జలుబు చేసినా కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలెట్టే మనిషి, అప్పుడు మాత్రం కళ్ళు మూసుకోలేదు. రెప్ప వెయ్యకుండా నన్నే చూస్తోంది. చూస్తానని ఒప్పుకుని వచ్చింది కదా.

నేను చెయ్యి కిందకి దించితే వించ్ లాగుతుంది. దించబోయాను. సరిగ్గా అప్పుడు నా ఎడమ చెంపకి గాలి తగిలింది. ఎదురుగా రావాల్సిన గాలి, పక్కనించి. చిన్నదే, విసనకర్రతో ఒక్కసారి విసిరినంత. అంతే, పోయింది. దాన్ని పట్టించుకోకపోయినా ఏమీ కాదు. ఇలాంటివి ఎన్నో చూశాను. కానీ ఆ రోజు దాన్ని పట్టించుకోకుండా ఉండటానికి నేనెంత కష్టపడుతున్నానో నాకే తెలిసింది. అమ్మ మళ్ళీ వస్తుందో రాదో. రైస్ మిల్లు ఆయన పొద్దుట్నించీ కూర్చున్నాడు. నలుగురు రెక్క పరిచి నిలబడ్డారు. ఇంతమంది నా కోసం చూస్తుంటే ఇప్పుడు ఏమని ఆగను? నేను ఎగరబోతున్నది గాలి బాగుందని కాదు, జనం వచ్చారని.

"వద్దు" అన్నాను.

నా గొంతు నాకే వినపడనంత చిన్నగా అన్నాను. బావగారికి వినపడింది. ఆయన వెంటనే రెండు చేతులూ పైకెత్తి అడ్డంగా ఊపాడు. వించ్ ఆగింది. ఎవరూ ఏమీ అనలేదు. తాడు విప్పారు, రెక్క మడిచారు.

రైస్ మిల్లు ఆయన మాత్రం, "అదేంటండీ, ఇప్పుడేగా బాగైంది!" అన్నాడు.

అమ్మ గరిటెతోనే పరిగెత్తుకొచ్చింది. "ఏమైందే? కళ్ళు తిరిగాయా? ఎందుకాగావ్?"

"అత్తయ్యగారూ, అడక్కూడదండి" అన్నాడు బావగారు. "ఇక్కడ రూలు. వద్దన్నవాళ్ళని ఎందుకు వద్దన్నావని ఎవరూ అడగరు. ఆ పూటకే కాదు, ఎప్పటికీ అడగరు."

అంటూనే జీపులోంచి ఫ్లాస్కు తీసి, గ్లాసులో టీ పోసి, రెండు చేతులతో తెచ్చి నాకిచ్చాడు. ఆ తర్వాతే అమ్మకి, ఆ తర్వాత మిగతావాళ్ళకి. అమ్మకి కోపం వచ్చింది. పెద్దావిడ, అతిథి, ముందు ఆవిడకివ్వకుండా కూతురికివ్వడమేంటి!

"ఇదేం మర్యాద అల్లుడుగారూ?" అంది. వరస మాత్రం ఒప్పేసుకున్నట్టుంది.

"ఇదీ రూలేనండీ. వద్దన్నవాళ్ళకి మొదటి టీ. మా మిలిటరీలో లేదు గానీ, నేనే పెట్టాను. మిలిటరీలో ఆగమంటే ఆగుతారు. మన వైపు అట్టా కాదండీ. మనకి మొహమాటం. పెళ్ళిలో మూడో గారె వడ్డిస్తుంటే మనవాడు వద్దనలేడు, పొట్ట పగులుతున్నా తింటాడు. అలాంటోడు తాడు కట్టుకుని, నలుగురు చూస్తుంటే, వద్దని ఎట్టా అంటాడు? ఏమనుకుంటారో, పిరికివాడంటారేమో అని ఎక్కేస్తాడు. మొహమాటానికి పోతే ఏమవుద్దో మనవాళ్ళకి సామెత కూడా ఉంది, మీ ముందు అనను గానీ. అందుకని, వద్దనటాన్ని కూడా ఒక మర్యాద చేసి పెట్టా. కొత్తలో టీ కోసమని ఒకడు వారం వారం వద్దన్నాడు. పోనీలెమ్మని వాడికీ ముందే పోశా."

అందరూ నవ్వారు. అమ్మ నవ్వలేదు. గ్లాసు చేతిలో పట్టుకుని నిలబడిపోయింది, టీ చల్లారిపోయేదాకా తాగలేదు.

ఆ తర్వాత ఏమీ కాలేదు. అది కూడా చెప్పాలి. పెనుగాలి వచ్చి నా మాట నిలబెట్టిందని చెబితే బాగుంటుంది గానీ, రాలేదు. ఇంకో గంటదాకా పర్ర మీద ఎండ పలచగా, గాలి బుద్ధిగా ఉన్నాయి. రైస్ మిల్లు ఆయన కారెక్కుతూ, "ఎగరొచ్చండీ, నిక్షేపంగా ఎగరొచ్చు" అన్నాడు. "ఎగరొచ్చండీ" అన్నాడు బావగారు కూడా, అంతే మర్యాదగా. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఛ, ఎంత పని చేశాను! ఉన్న ఒక్క అవకాశం, నా నోటితో నేనే పాడుచేసుకున్నాను. ఆ గంటా అయ్యాక సన్నగా తుప్పర మొదలైంది, ఇక ఆ రోజుకి సరి.

మర్నాడు ఆదివారం, చర్చికి అమ్మ తన ఊళ్ళో ఉండాలి. అందుకని గుడివాడ వైపు కాకుండా చల్లపల్లి మీదుగా మోపిదేవికి తిప్పాను కారు. వైపర్లు తిరుగుతున్నాయి. బందరు దాటాం. నేనే తెగించి అన్నాను.

"నువ్వు చూడనేలేదు కాబట్టి ఆ మాట లెక్కలోకి రాదు. ఇంకోసారి రావాలి."

అమ్మ రోడ్డు వైపు చూస్తూ మాట్లాడటం మొదలుపెట్టింది.

"మీ నాన్న పోయిన నెల్లాళ్ళకి పడవ నడిపినతను మనింటికొచ్చాడు. నువ్వు స్కూలుకెళ్ళావు. గుమ్మం బయటే కూర్చుని ఏడ్చాడు. 'గాలి బాలేదని నాకు తెలుసమ్మా' అన్నాడు. 'మాస్టారుగారికీ తెలుసు. రేవులో అందరికీ తెలుసు. అవతల పిల్లలకి పరీక్షలు, మాస్టారు వెళ్ళాలి. ఆయన ఆగుదామంటే ఆగుదామని నేను ఆయన వైపు చూశాను. నేను వద్దంటానేమోనని ఆయన నా వైపు చూశారు. ఆయనకి నేను మొహమాటపడ్డా, నాకు ఆయన మొహమాటపడ్డారు. చివరికి ఇద్దరం పడవెక్కామమ్మా' అన్నాడు."

నేను కారు పక్కకి ఆపాను. ఇన్నేళ్ళూ నాన్నని నీళ్ళు తీసుకుపోయాయనుకున్నాను, గాలి తీసుకుపోయిందనుకున్నాను.

"ఆ మాట ఎవరికీ చెప్పలేదు నేను" అంది అమ్మ. "ఏమని చెప్తాను? మొహమాటంతో పోయాడని చెప్తానా? నువ్వు గాల్లోకెళ్తున్నావని తెలిశాక నాకు గాలంటే భయం కాదే. నువ్వు మీ నాన్న కూతురివని భయం. నలుగురిలోకి వచ్చాక కాదనలేవు. చిన్నప్పుడు నీ పెన్సిళ్ళన్నీ క్లాసులో పంచేసి వట్టి చేతుల్తో వచ్చేదానివి."

చీరకొంగుతో మొహం తుడుచుకుంది. ఆవిడ ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి కాదు గానీ, ఆపుకోకుండా ఏడవడం మాత్రం మొదటిసారి.

"ఆ రోజు రేవులో ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, వద్దన్నవాడికి టీ పోసేవాడు ఉంటే..." అని ఆగిపోయింది.

వాన కారు మీద టపటపా పడుతోంది. ఒక బస్సు హారన్ కొట్టుకుంటూ పక్కనించి వెళ్ళింది.

"సరే పద, చీకటి పడుద్ది" అంది. "వెళ్ళు నువ్వు. నీ శనివారాలు నువ్వు వెళ్ళు."

"అసలు నేనెగరడం నువ్వు చూడలేదు కదే!"

"చూడాల్సింది చూశాను."

ఆ రోజు ఎండ కాసి, గాలి బాగుండి, నేను చక్కగా ఎగిరి చక్కగా దిగి ఉంటే అమ్మ చప్పట్లు కొట్టి, ఇంటికెళ్ళి, మానెయ్యమనే అనేది. నాకు ఇప్పుడు ఆ విషయంలో సందేహం లేదు. అందుకే ఆ అల్పపీడనానికి, నేను నోరారా తిట్టిన ఆ మబ్బుకి, చెంప మీద తగిలిన ఆ చిటికెడు గాలికి నేను రుణపడి ఉన్నాను. రెండు అర్జీల్లో అమ్మ అర్జీయే నెగ్గింది, నాకు కావాల్సింది కూడా అందులోనే దొరికింది. బావగారికైతే ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలీక ఒకసారి నాన్న సంగతి చెప్పబోయాను. ఆయన చెయ్యడ్డం పెట్టి, "అడగను, చెప్పొద్దు" అన్నాడు. రూలు రూలే. రైస్ మిల్లు ఆయన కూడా మాట తప్పలేదు, కొత్త తాడు పంపించాడు. మొహమాటానికే పంపించాడేమో మరి!

ఇప్పుడు ప్రతి శనివారం సాయంత్రం మోపిదేవి నుంచి ఫోనొస్తుంది. ఎంత ఎత్తుకెళ్ళావని గానీ, ఏం చూశావని గానీ అమ్మ అడగదు.

"ఇవాళ మొదటి టీ ఎవరికే?" అంటుంది.

బాగా ఎగిరాను, చివర్లో తాగాను అంటే, "ఊఁ, సరేలే" అని పెట్టేస్తుంది. నాకే ఇచ్చారమ్మా అన్న రోజు మాత్రం, నెమ్మదిగా, పక్కనున్నవాళ్ళకి కూడా వినపడనంత చిన్నగా, "స్తోత్రం తండ్రీ" అంటుంది.